స్కార్పియో-ఎన్ కింద నాలుగేళ్ల సిలబస్

"మీకు నచ్చిన బండి ఏది? ఎందుకు?"

కోర్ కంపెనీల ఇంటర్వ్యూల్లో మెకానికల్, ఆటోమొబైల్ అభ్యర్థులకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. వినడానికి సరదాగా ఉంటుంది. మనవాళ్లలో చాలామంది జవాబు "స్కార్పియో సార్, లుక్ బాగుంటుంది, రోడ్ ప్రెజెన్స్ ఉంటుంది" దగ్గరే ఆగిపోతుంది. అవతల కూర్చున్న ఇంజినీర్ మీ అభిరుచి తెలుసుకోవడానికి ఈ ప్రశ్న అడగడు. నాలుగేళ్లు చదివింది బండిలో ఎక్కడెక్కడ ఉందో మీకు కనిపిస్తోందా లేదా అన్నదే ఆయనకు కావాలి.

అందుకే ఈ వారం ఒక డీజిల్ ఫ్యామిలీ ఎస్‌యూవీని సబ్జెక్టుల వారీగా విప్పి చూద్దాం. మీరు చదివేది సంగారెడ్డి, పటాన్‌చెరు, రుద్రారం, నర్సాపూర్ చుట్టుపక్కల ఏ కాలేజీలోనైనా సరే, 65వ నంబర్ జాతీయ రహదారి మీద పది నిమిషాలు నిలబడితే ఈ బండి కనిపిస్తుంది. పేరు మహీంద్రా స్కార్పియో-ఎన్. 2022 జూన్ 27న మార్కెట్లోకి వచ్చింది. పోల్చి చూడటానికి అదే కంపెనీ 2021లో తెచ్చిన ఎక్స్‌యూవీ700ను పక్కన పెట్టుకుందాం. రెండూ పుణె దగ్గర చాకన్‌లో తయారవుతాయి. మన ఊళ్ల మీదుగా వెళ్లే 65వ నంబర్ రహదారి మొదలయ్యేది కూడా పుణెలోనే.

ఒకే ఇంజిన్, రెండు బళ్లు

రెండింటిలోనూ ఎంహాక్ కుటుంబానికి చెందిన 2.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజినే ఉంది. కానీ అంకెలు చూడండి. స్కార్పియో-ఎన్ కింది వేరియంట్లలో 132 పీఎస్ పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్. పై వేరియంట్లలో 175 పీఎస్. టార్క్ మాన్యువల్‌లో 370, ఆటోమేటిక్‌లో 400. ఎక్స్‌యూవీ700 పై వేరియంట్లకు వస్తే 185 పీఎస్, మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 450.

ఒకే కుటుంబం ఇంజిన్ ఇన్ని రకాలుగా ఎలా పలుకుతోంది? ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత ఇంధనం, ఎన్ని విడతలుగా, ఎంత ఒత్తిడితో చిమ్మాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్న పట్టికలన్నీ ఇంజిన్ కంట్రోల్ యూనిట్‌లో ఉంటాయి. భాగాల్లో చేసే మార్పులకు తోడు ఈ పట్టికలను సరిచేసే పనే కాలిబ్రేషన్. అదొక పూర్తిస్థాయి ఉద్యోగం. మెకానికల్ వాళ్లూ చేస్తారు, కోడింగ్ వచ్చిన ఈసీఈ, ఈఈఈ వాళ్లూ చేస్తారు. "నాకు కోర్ ఇష్టం, కానీ కంప్యూటర్ ముందు కూర్చునే పని కావాలి" అనేవాళ్లు ఈ పదాన్ని గుర్తుపెట్టుకోండి.

మరో ప్రశ్న. మాన్యువల్‌లో 370, ఆటోమేటిక్‌లో 400 ఎందుకు? క్లచ్, గేర్‌బాక్స్ ఎంత టార్క్ తట్టుకుంటాయో చూసి ఇంజిన్‌కు హద్దు పెట్టడం ఈ రంగంలో మామూలే. బండిలో ఏ భాగాన్నీ విడిగా డిజైన్ చేయరు, దాని పక్కనున్న భాగం ఒప్పుకోవాలి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పగలిగితే మీరు బ్రోషర్ చదివి రాలేదని వాళ్లకు అర్థమైపోతుంది.

ఇస్నాపూర్ దాటాక ఓవర్‌టేక్: లెక్క వేయండి

డీజిల్ బండి నడిపినవాళ్లు "పుల్లింగ్ బాగుంది" అంటారు. ఇంజినీర్‌గా మీరు ఆ మాటను అంకెల్లోకి మార్చాలి.

సంగారెడ్డి వైపు వెళ్తూ ముందున్న లారీని దాటాలనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళ్లాలి. బండి, అందులో కుటుంబం, సామాను కలిపి 2,400 కిలోలు అనుకోండి. 80 అంటే సెకనుకు 22.2 మీటర్లు, 100 అంటే 27.8 మీటర్లు. గతిజ శక్తిలో తేడా సుమారు 333 కిలోజౌళ్లు. అయిదు సెకన్లలో ఈ పని కావాలంటే దాదాపు 67 కిలోవాట్లు కావాలి.

ఇప్పుడు ఇంజిన్ వైపు చూద్దాం. స్కార్పియో-ఎన్ ఆటోమేటిక్‌లో 400 న్యూటన్ మీటర్ల టార్క్ 1,750 ఆర్‌పీఎం నుంచి 2,750 దాకా అందుతుంది. టార్క్‌ను కోణీయ వేగంతో గుణిస్తే పవర్. 1,750 దగ్గరే 73 కిలోవాట్లు వచ్చేశాయి. గాలి నిరోధం, గేర్‌బాక్స్ నష్టాలు కలిపితే ఇంకొంచెం కావాలి. అందుకే మీరు పెడల్ గట్టిగా తొక్కగానే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒక మెట్టు దిగుతుంది. ఇంజిన్ 2,500కు చేరితే దాదాపు 105 కిలోవాట్లు చేతిలో ఉంటాయి. మీకు సీటు వీపుకు తగిలేది అప్పుడే.

ఇంకో లెక్క. 175 పీఎస్ గరిష్ఠ పవర్ 3,500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అక్కడ టార్క్ ఎంత? 175 పీఎస్ అంటే సుమారు 129 కిలోవాట్లు. కోణీయ వేగంతో భాగిస్తే 351 న్యూటన్ మీటర్లు. అంటే 2,750 తర్వాత టార్క్ పడిపోతున్నా వేగం పెరగడం వల్ల పవర్ ఇంకా పెరుగుతూనే ఉంది. "టార్క్‌కూ పవర్‌కూ తేడా ఏంటి?" అని అడిగితే నిర్వచనం అప్పజెప్పకండి. పేపర్ తీసుకుని ఈ లెక్క వేసి చూపించండి.

టైరు కూడా ఓ లెక్కే. పై వేరియంట్ టైరు మీద 255/60 ఆర్18 అని ఉంటుంది. వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 153. రిమ్ 18 అంగుళాలు, అంటే 457. మొత్తం వ్యాసం 763 మిల్లీమీటర్లు. చుట్టుకొలత దాదాపు 2.4 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి సుమారు 695 సార్లు తిరుగుతుంది. స్పీడోమీటర్‌తో పాటు టాకోమీటర్ రీడింగ్ కూడా తెలిస్తే, ఆ గేరులో మొత్తం నిష్పత్తి మీరే రాబట్టొచ్చు.

నిచ్చెన మీద ఇల్లు, పెంకులో ఇల్లు

ఇంజిన్ కుటుంబం ఒకటే అయినా రెండు బళ్లూ నడపడంలో చాలా వేరుగా ఉంటాయి. కారణం కింద ఉంది.

స్కార్పియో-ఎన్‌ది లాడర్ ఫ్రేమ్. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డ పట్టీలు, అచ్చం నిచ్చెనలా. ఇంజిన్, సస్పెన్షన్ దానికి బిగిస్తారు. బాడీని రబ్బరు మౌంట్ల మీద పైన కూర్చోబెడతారు. ఇంజిన్ నిలువుగా ఉంటుంది, తోసేవి వెనక చక్రాలు, కావాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది. ఎక్స్‌యూవీ700ది మోనోకాక్. గుడ్డు పెంకులా బాడీయే బరువంతా మోస్తుంది. ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, లాగేవి ముందు చక్రాలు. మహీంద్రా ఈ దారిలోకి వచ్చింది 2011 నాటి ఎక్స్‌యూవీ500తో.

నడిపేవాళ్లకు దీనివల్ల ఏమవుతుంది? గోతుల రోడ్డు మీద, కంకర దారిలో, చెరకు ట్రాక్టర్లు తొక్కి చెడగొట్టిన పొలం బాటలో ఫ్రేమ్ బండి ధైర్యంగా పోతుంది. దెబ్బ మొదట ఫ్రేమ్ తింటుంది, తర్వాతే లోపలివాళ్లకు అందుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు దిగే ముత్తంగి లాంటి చోట మలుపులో మాత్రం మోనోకాక్ బండి ఎక్కువ నిలకడగా అనిపిస్తుంది. స్కార్పియో-ఎన్ ఎత్తు 1,857 మిల్లీమీటర్లు, ఎక్స్‌యూవీ700 ఎత్తు 1,755. వీల్‌బేస్ రెండింటికీ 2,750. పొడవైన బండికి గురుత్వ కేంద్రం పైన ఉంటుంది కాబట్టి మలుపులో ఒరుగు ఎక్కువ. ఫ్రేమ్ వల్ల లోపలి నేల కూడా పైకి లేస్తుంది. అందుకే బయటికి అంత పెద్దగా కనిపించే స్కార్పియో-ఎన్‌లో మూడో వరస పెద్దవాళ్లకు ఇరుకు. ఆ వరస వాడితే వెనక సామానుకు మిగిలే చోటు చాలా తక్కువ.

కాబట్టి "ఏది మంచి బండి?" అన్నది ఇంజినీర్ అడిగే ప్రశ్న కాదు. "ఎవరి కోసం, ఏ రోడ్డు కోసం, దేన్ని వదులుకుని?" అని అడగాలి.

భద్రత గురించీ ఒక మాట. ఫ్రేమ్ బండి అంటే ఇనప ముక్క, గుద్దినా ఏమీ కాదు అన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. ప్రమాదంలో ప్రాణం నిలిచేది బండి నలగకపోవడం వల్ల కాదు. ముందు భాగం లెక్క ప్రకారం నలిగి శక్తిని మింగాలి, మనుషులు కూర్చునే గది మాత్రం నలగకూడదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పెద్దల భద్రతకు రెండు బళ్లకూ అయిదు నక్షత్రాలే వచ్చాయి. పిల్లల భద్రతకు మాత్రం ఎక్స్‌యూవీ700కు నాలుగు, స్కార్పియో-ఎన్‌కు మూడు. ఫ్యామిలీ బండి అన్నప్పుడు ఆ రెండో అంకె కూడా చదవాలి.

కేఓఎంలో బట్టీ పట్టిన వాట్

కైనమాటిక్స్ ఆఫ్ మెషినరీలో సరళరేఖా చలన యంత్రాంగాలు గుర్తున్నాయా? వాట్, పోసెలియర్, స్కాట్ రస్సెల్... పరీక్ష ముందు రోజు బొమ్మలు గీసి, మర్నాడు మర్చిపోయినవి. ఆ జేమ్స్ వాట్ 1784లో ఆవిరి యంత్రం కోసం పేటెంట్ తీసుకున్న లింకేజీ స్కార్పియో-ఎన్ వెనక యాక్సిల్ దగ్గర ఉంది.

అక్కడ దాని అవసరమేంటి? వెనక గట్టి యాక్సిల్ పైకీ కిందకీ ఆడాలి, పక్కకు మాత్రం జరగకూడదు. చాలా బళ్లలో దీనికి పానార్డ్ రాడ్ అనే ఒకే కడ్డీ వాడతారు. దాని ఒక కొస ఫ్రేమ్‌కు, రెండో కొస యాక్సిల్‌కు బిగించి ఉంటుంది కాబట్టి యాక్సిల్ ఆడినప్పుడల్లా చిన్న చాపంలో తిరుగుతూ పక్కకు జరుగుతుంది. వాట్ లింకేజీలో రెండు కడ్డీలు, మధ్యలో తిరిగే చిన్న లింకు ఉంటాయి. ఒక కడ్డీ ఎడమకు లాగితే రెండోది అంతే కుడికి లాగుతుంది. యాక్సిల్ దాదాపు నిలువు గీత మీదే కదులుతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు వెనక భాగం పక్కకు ఊగడం తగ్గుతుంది. వెనక సీట్లో అమ్మమ్మకు కడుపులో తిప్పడం తగ్గితే అందులో వాట్ వాటా కూడా ఉంది.

ఈసారి ఏ సర్వీస్ సెంటర్‌లోనైనా బండి లిఫ్ట్ మీద ఉన్నప్పుడు అనుమతి అడిగి కిందికి వెళ్లి చూడండి. ఆ బొమ్మ మళ్లీ మర్చిపోరు.

పొగ గొట్టంలో కెమిస్ట్రీ

డీజిల్ మీద ఉన్న అసలు ఆరోపణ పొగే. అందులో నిజముంది. దేశం 2020 ఏప్రిల్ 1న బీఎస్-4 నుంచి నేరుగా బీఎస్-6కు దూకింది. డీజిల్ కార్లలో నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, నుసి రేణువులది 25 నుంచి 4.5కు దిగింది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. 2023 ఏప్రిల్ నుంచి ల్యాబ్‌లోనే కాదు, నిజమైన రోడ్డు మీద కూడా కొలవడం మొదలైంది.

చిక్కేమిటంటే ఈ రెండు కాలుష్యాలూ ఒకదానికొకటి ఎదురు. సిలిండర్‌లో వేడి పెంచితే నుసి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వేడి తగ్గిస్తే నుసి పెరుగుతుంది. అందుకే కొంత పని బయట చేస్తారు. నుసిని పట్టడానికి డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. నైట్రోజన్ ఆక్సైడ్లకు చాలా పెద్ద డీజిల్ బళ్లలో 32.5 శాతం యూరియా ద్రావణాన్ని పొగలోకి చిమ్ముతారు. అది అమోనియాగా మారి, ఆ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటిగా విడగొడుతుంది. రైతులు పొలంలో చల్లే యూరియాకు ఇది అతి శుద్ధమైన అన్న అనుకోండి.

ఫిల్టర్ నిండితే దాన్ని కాల్చి శుభ్రం చేయాలి. దానికి పొగ వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాకా చేరాలి. రోజూ రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు దాకా ట్రాఫిక్‌లో పాకే బండికి ఆ వేడి అందదు, వార్నింగ్ లైట్ వెలుగుతుంది. అలాంటి వాళ్లు అప్పుడప్పుడు హైవే మీద నిలకడైన వేగంతో కొంతసేపు నడపాలి. రోజుకు పది కిలోమీటర్లు తిరిగే ఇంటికి డీజిల్ బండి ఎందుకు సరిపోదో మామయ్యకు ఇప్పుడు మీరు కారణంతో సహా చెప్పగలరు.

మన బెల్టులో ఎవరేం చేస్తున్నారు

"ఇవన్నీ చెన్నై, పుణెలో కదా, మనకేంటి?" అనుకోవద్దు. స్కార్పియో-ఎన్ ఇంజినీరింగ్ జరిగింది చెన్నై దగ్గర మహీంద్రా రీసెర్చ్ వ్యాలీలో, నిజమే. కానీ వాహనాల తయారీ మన జిల్లాకు కొత్త కాదు. 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో తేలికపాటి ట్రక్కులు చేసింది. ఆ యూనిట్ తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడు జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతున్నాయి. 2023లో ఆవిష్కరించిన ఓజా ట్రాక్టర్ల శ్రేణి అక్కడిదే.

సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ ఉంది. పైన వేసిన టైరు లెక్క అక్కడ ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు కనీస అర్హత అనుకోండి. ఎద్దుమైలారంలో 1984 నుంచి ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ నడుస్తోంది. పేరులో మెదక్ ఉన్నా 2016 జిల్లాల విభజన తర్వాత అది ఉన్నది సంగారెడ్డి జిల్లాలో. సైన్యం వాడే బీఎంపీ-2 శరత్ పోరాట వాహనాలు అక్కడే తయారవుతాయి. 14 టన్నుల బండి, 300 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్. టన్నుకు సుమారు 21 హార్స్‌పవర్. స్కార్పియో-ఎన్‌కూ ఇదే లెక్క వేసి పోల్చండి. 2021 నుంచి ఈ ఫ్యాక్టరీ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ కిందికి వచ్చింది. కాబట్టి నోటిఫికేషన్లు ఆ పేరుతో వెతకండి.

కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాల పరీక్షా కేంద్రం టిహాన్ 2022 జులైలో ప్రారంభమైంది. ఎక్స్‌యూవీ700లో ఉన్న రాడార్, కెమెరా ఆధారిత డ్రైవర్ సహాయ వ్యవస్థల తర్వాతి మెట్టు అక్కడ చూడొచ్చు. లేన్ గీతలు చెరిగిపోయిన, ఎదురుగా గేదె వచ్చే రోడ్డును సాఫ్ట్‌వేర్‌కు ఎలా నేర్పాలన్నది మన దగ్గరే తేలాల్సిన సమస్య.

డీజిల్ పోతోంది కదా, మరి?

అందరి మనసులో ఉన్న ప్రశ్న ఇదే. మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసింది. జహీరాబాద్‌లోనే మహీంద్రా ఎలక్ట్రిక్ ఆటోల మీద పెట్టుబడి పెడుతోంది. ఇంట్లోవాళ్లు "అమీర్‌పేట వెళ్లి ఏదో ఒక కోర్సు చేయరా" అంటున్నారు. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే కోర్‌లో మొదటి జీతం చాలాసార్లు తక్కువే. షిఫ్టులు ఉంటాయి. దీన్ని దాచి "ప్యాషన్ ఉంటే చాలు" అని చెప్పడం మోసం.

అయితే నిర్ణయం భయంతో తీసుకోవద్దు, లెక్కతో తీసుకోండి. మీరు నేర్చుకునేదాన్ని రెండు కుప్పలు చేయండి. మొదటిది ఇంజిన్ పోతే పోయేది: ఇంజెక్టర్, టర్బో, పొగ శుద్ధి. రెండోది ఎలక్ట్రిక్ బండిలోనూ ఉండేది: సస్పెన్షన్, బ్రేకులు, టైర్లు, క్రాష్ భద్రత, శబ్దం-కంపనం, వేడి నిర్వహణ, క్వాలిటీ, కాలిబ్రేషన్ పద్ధతి. పైన మనం విప్పి చూసినవాటిలో ఎక్కువ భాగం రెండో కుప్పలోనే పడుతుంది. మొదటి కుప్ప కూడా రేపే ఖాళీ అవదు. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి, జనరేటర్లకు 2023 జులై నుంచి కఠినమైన కొత్త ఉద్గార ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. అంటే అక్కడ ఈ పని కొత్తగా పెరిగింది.

తొలి స్కార్పియో 2002లో వచ్చినప్పుడు దాని వెనక ఉన్న పవన్ గోయెంకా ఐఐటీ కాన్పూర్‌లో మెకానికల్ చదివి, అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసి, 1993లో మహీంద్రాలో చేరిన ఇంజినీర్. సొంతంగా బండి చేయడం మనవల్ల అవుతుందా అన్న అనుమానం బలంగా ఉన్న రోజులవి. అవుతుందని తేలడానికి తొమ్మిదేళ్లు పట్టింది. కోర్‌లో ఫలితం వచ్చేది ఇలాంటి వేగంతోనే. అంత ఓపిక, ఇంటి పరిస్థితి మీకు ఉన్నాయా అన్నది మీరే తేల్చుకోవాలి. లేవంటే సాఫ్ట్‌వేర్‌కు వెళ్లడంలో తప్పేమీ లేదు.

సంతకానికి ముందు

కోర్ అని తేల్చుకుంటే ఈ నెలలో నాలుగు పనులు చేయండి. ఒకటి, ఒకే బండిని ఎంచుకుని పైన చేసినట్టు అయిదు పేజీల నోట్స్ మీరే రాయండి. రెండు, అందులో ఒక భాగాన్ని క్యాడ్‌లో గీసి, బలం ఎంత తట్టుకుంటుందో విశ్లేషించండి. వాట్ లింకేజీ మంచి మొదలు. మూడు, కాలేజీలో బాహా జట్టు ఉంటే చేరండి, లేకపోతే నలుగురితో మొదలుపెట్టండి. నాలుగు, కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో పేరు నమోదు చేసుకోండి.

ఆఫర్ చేతికొచ్చాక గేటు మీద ఉన్న పేరు ఒక్కటే చూడొద్దు. జీతం చిట్టీ మీద ఎవరి పేరు ఉంటుందో అడగండి. కంపెనీదా, కాంట్రాక్టర్‌దా? "ట్రైనీ" అంటే అప్రెంటిస్ చట్టం కింద సర్టిఫికెట్ వచ్చే శిక్షణా, లేక పేరు మార్చిన కాంట్రాక్టు పనా? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? బాండ్ ఎన్నాళ్లు? రాత్రి షిఫ్టుకు బస్సు ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగే కన్సల్టెన్సీ ఏదైనా సరే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు మీరే తయారు చేసుకోండి. స్కార్పియోనే చెప్పాలని లేదు. నాన్న నడిపే ఆటో అయినా, ఊళ్లో ట్రాక్టర్ అయినా పర్వాలేదు. ఎందుకు నచ్చిందో చెప్పడానికి రెండు లెక్కలు, ఒక బొమ్మ చేతిలో ఉంటే చాలు.